ఫ్రెండ్‌కి పడిన క్రీమ్ మీకెందుకు పడదు..? స్కిన్ టైప్ తెలియకుండా కొంటే జరిగేది ఇదే!

ఫోన్ ఓపెన్ చేస్తే చాలు.. "ఏడు రోజుల్లో గ్లో", "నా నైట్ రొటీన్ ఇదే" అంటూ రీల్స్ వరుస కడతాయి. వీడియోలో అమ్మాయి ముఖం అద్దంలా మెరుస్తుంటుంది. కిందే లింక్ ఉంటుంది. రెండు రోజుల్లో పార్శిల్ ఇంటికి వచ్చేస్తుంది. పది రోజులు తిరిగేసరికి ముఖం మీద దద్దుర్లు, మంట, కొత్త మొటిమలు. ఆమెకు అంత బాగా పనిచేసిన క్రీమ్ మనకెందుకు పడలేదు..?

కారణం సింపుల్. ఆ చర్మం వేరు, మీ చర్మం వేరు. అయితే అసలు ప్రమాదం ఇది కాదు. పడని క్రీమ్ మానేస్తే చాలావరకు సమస్య తగ్గిపోతుంది. డాక్టర్లను భయపెడుతున్నది "బాగా పడిన" క్రీమ్. వాడిన ఐదు రోజులకే ముఖం తెల్లగా చేసేసిన క్రీమ్. అసలు ఒక క్రీమ్ అంత త్వరగా ఎలా పనిచేస్తుంది? అందులో ఏముంది? ఇది అర్థం కావాలంటే ముందు మన చర్మం సంగతి మనకు తెలియాలి.

మీ స్కిన్ టైప్ ఏంటి..? ఇంట్లోనే తెలుసుకోవచ్చు

దీనికి పార్లర్‌కి వెళ్లక్కర్లేదు. మైల్డ్ ఫేస్‌వాష్‌తో ముఖం కడుక్కుని, మెత్తటి టవల్‌తో అద్దుకోండి. ఆ తర్వాత క్రీమ్ కానీ పౌడర్ కానీ ఏదీ రాయకుండా ఓ గంట వదిలేయండి. ఫ్యాన్ కింద కూర్చున్నా పర్లేదు, ఎండలోకి మాత్రం వెళ్లొద్దు. గంట తర్వాత ఒక టిష్యూ పేపర్‌తో నుదురు, ముక్కు, బుగ్గలు, గడ్డం విడివిడిగా అద్ది చూడండి.

అన్నిచోట్లా జిడ్డు అంటుకుంటే మీది ఆయిలీ స్కిన్. ఎక్కడా అంటుకోకపోగా చర్మం లాగినట్టు, బిగుసుకున్నట్టు అనిపిస్తే డ్రై స్కిన్. నుదురు, ముక్కు, గడ్డం దగ్గర మాత్రమే జిడ్డు ఉండి బుగ్గలు పొడిగా ఉంటే కాంబినేషన్ స్కిన్. జిడ్డూ లేదు, లాగడమూ లేదు అంటే నార్మల్. కొత్తది ఏది రాసినా మంట, దురద, ఎర్రదనం వచ్చేవాళ్లది సెన్సిటివ్ స్కిన్. ఆయిలీ, డ్రై.. ఏ రకం చర్మమైనా సెన్సిటివ్ కూడా కావచ్చు.

ఇంకో విషయం. స్కిన్ టైప్ జీవితాంతం ఒకేలా ఉండదు. టీనేజ్‌లో జిడ్డుగా ఉన్న ముఖం నలభై దాటాక పొడిబారొచ్చు. ఊరు మారినా తేడా వస్తుంది. విశాఖలోనో, మచిలీపట్నంలోనో ఉక్కపోతకు జిడ్డు కారే ముఖమే డిసెంబర్‌లో ఆదిలాబాద్ చలికి పగిలిపోవచ్చు. గల్ఫ్‌లో పనిచేసే మనవాళ్లకు ఇది బాగా తెలుసు. బయట ఎండ, గదిలో ఏసీ.. రెండూ చర్మంలోని తేమను లాగేస్తాయి. అందుకే సీజన్ మారినప్పుడల్లా ఈ గంట టెస్ట్ మళ్లీ చేసుకుంటే మంచిది.

పది స్టెప్పులు కాదు.. మూడే!

రీల్స్‌లో టోనర్, ఎసెన్స్, సీరమ్, మాస్క్ అంటూ పది స్టెప్పులు కనిపిస్తాయి. కానీ ఏ చర్మానికైనా కావాల్సిన పనులు మూడే. కడగడం, తేమ పట్టి ఉంచడం, ఎండ నుంచి కాపాడటం. పొద్దున ఈ మూడూ, రాత్రికి మొదటి రెండు చాలు. స్కిన్ టైప్‌ని బట్టి మారేది వాటికి వాడే వస్తువే.

ఆయిలీ స్కిన్: రోజుకు రెండుసార్లు ఫేస్‌వాష్ చాలు. జిడ్డు పోవాలని ఐదారుసార్లు రుద్ది కడిగితే చర్మం దెబ్బతిని ఇంకా ఇబ్బంది పెడుతుంది. మొటిమలు వచ్చేవాళ్లకు శాలిసిలిక్ యాసిడ్ ఉన్న ఫేస్‌వాష్ పనికొస్తుంది. "జిడ్డు ముఖానికి మాయిశ్చరైజర్ ఎందుకు?" అని చాలామంది మానేస్తారు. ఇది పొరపాటు. జెల్ రకం, రంధ్రాలను మూసేయని 'నాన్ కామెడోజెనిక్' రకం చూసి వాడుకోవాలి.

డ్రై స్కిన్: పొద్దున వట్టి నీళ్లతో కడిగినా సరిపోతుంది. వేడి వేడి నీళ్లు వద్దు, గోరువెచ్చగా ఉంటే చాలు. స్నానం అయ్యాక ఒళ్లు తడి ఆరకముందే క్రీమ్ రాస్తే ఆ తేమ చర్మంలోనే ఉంటుంది. గ్లిజరిన్, సెరమైడ్ ఉన్న క్రీములు మంచివి. మడమలు, మోచేతులకు మామూలు పెట్రోలియం జెల్లీ చాలు. ఖరీదైన బ్రాండ్లు అక్కర్లేదు.

కాంబినేషన్ స్కిన్: ముఖమంతటికీ ఒకటే సూత్రం పనిచేయదు. బుగ్గలకు కాస్త చిక్కటి క్రీమ్, నుదురు, ముక్కుకు పల్చగా జెల్ వాడితే సరి.

సెన్సిటివ్ స్కిన్: సువాసన లేని ఉత్పత్తులు ఎంచుకోవాలి. కొత్తది ఏది కొన్నా ముందు మోచేయి లోపలివైపు కొద్దిగా రాసి, రోజూ అదే చోట రాస్తూ వారం పాటు గమనించాలి. ఏమీ కాకపోతేనే ముఖానికి. ఒకేసారి రెండు కొత్త వస్తువులు మొదలుపెట్టొద్దు. తేడా వస్తే దేనివల్లో తెలియదు.

ఇక సబ్బు సంగతి. మన చర్మం పీహెచ్ ఐదుకు అటూఇటూగా, అంటే కాస్త ఆమ్ల గుణంతో ఉంటుంది. మామూలు సబ్బు పీహెచ్ 9 నుంచి 10 వరకు ఉంటుంది. కవర్ మీద టీఎఫ్ఎం 76 శాతం దాటితే గ్రేడ్ 1 సబ్బు అని అర్థం. కానీ గ్రేడ్ 1 సబ్బుకైనా క్షార గుణం పోదు. పొడి చర్మం, సెన్సిటివ్ చర్మం ఉన్నవాళ్లు ముఖానికి సబ్బు మానేస్తేనే మంచిది.

సన్‌స్క్రీన్ లెక్క.. ఎవరూ చెప్పనిది

ఎస్‌పీఎఫ్ 30 అంటే సూర్యుడి యూవీబీ కిరణాల్లో దాదాపు 97 శాతం ఆపుతుంది. ఎస్‌పీఎఫ్ 50 ఆపేది దాదాపు 98 శాతం. తేడా ఒక్క శాతమే. అయితే ఈ అంకెలన్నీ ల్యాబ్‌లో చదరపు సెంటీమీటర్‌కు 2 మిల్లీగ్రాముల చొప్పున రాసి తేల్చినవి. ముఖానికి, మెడకు కలిపి లెక్కేస్తే ఒక్కసారికి గ్రాముకు పైనే కావాలి. అంటే చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా గీసినంత క్రీమ్ అన్నమాట. మనలో చాలామంది రాసేది శనగగింజంత! అలాంటప్పుడు డబ్బా మీద ఉన్న నంబర్ మన ముఖానికి వర్తించదు.

రోజుకు రెండుసార్లు సరిగ్గా రాస్తే 50 గ్రాముల ట్యూబ్ సుమారు ఇరవై రోజులకు అయిపోతుంది. ఎండలో ఉన్నంతసేపు ప్రతి రెండు గంటలకోసారి రాయాలన్నది నియమం. మరి పొద్దున్నుంచి సాయంత్రం దాకా బైక్ మీద తిరిగే డెలివరీ బాయ్, ఉపాధి హామీ పనికి వెళ్లే కూలీ, మిర్చి కోతకు వెళ్లే ఆడపడుచు నెలకు ఎన్ని ట్యూబులు కొనాలి? జరిగే పని కాదు. వాళ్లకు తలగుడ్డ, వెడల్పాటి టోపీ, పొడుగు చేతుల చొక్కా, గొడుగే అసలైన సన్‌స్క్రీన్. ఇవి చవకే కాదు.. రెండు గంటలకోసారి మళ్లీ రాయాల్సిన పనీ ఉండదు.

మన రంగు చర్మానికి ఎండదెబ్బ వేరే రకంగా కనిపిస్తుంది. ఎర్రగా కమిలిపోవడం తక్కువ, మచ్చలు పడటం ఎక్కువ. మొటిమ తగ్గినా నల్లమచ్చ నెలల తరబడి అలాగే ఉంటుంది. బుగ్గల మీద మంగు కూడా ఎండకు ముదురుతుంది. చాలామంది ఫెయిర్‌నెస్ క్రీమ్ కోసం వెతకడం మొదలుపెట్టేది సరిగ్గా ఇక్కడే. నిజానికి అప్పుడు కావాల్సింది ఎండ నుంచి రక్షణ, కాస్త ఓపిక.

వంటింటి చిట్కాలన్నీ సేఫేనా..?

"ఇది నేచురల్, ఏమీ కాదు" అన్న మాట కూడా ఓసారి పరీక్షించుకోవాలి. నిమ్మరసం గాఢమైన ఆమ్లం. ముఖానికి రాసుకుని ఎండలోకి వెళితే చర్మం కమిలి నల్లమచ్చలు పడతాయి. వంటసోడా దీనికి పూర్తిగా వ్యతిరేకం, క్షారం. రెండూ చర్మం పైపొరను దెబ్బతీసేవే. మొటిమ మీద టూత్‌పేస్ట్ రాయడమూ అంతే. పండక్కి నలుగు పెట్టుకోవడం మంచి అలవాటే, కానీ గరుకైన సున్నిపిండితో మొటిమల ముఖాన్ని రుద్దితే అవి పగిలి మచ్చలుగా మిగులుతాయి. కొబ్బరినూనె పొడిబారిన కాళ్లకు, చేతులకు బాగుంటుంది. మొటిమలు వచ్చే ముఖానికి మాత్రం రంధ్రాలు మూసుకుపోయే అవకాశం ఉంది.

బొట్టు దగ్గరా ఇదే కథ. కొన్ని స్టిక్కర్ బొట్టుబిళ్లల జిగురులో పారా టెర్షియరీ బ్యూటైల్ ఫినాల్ అనే రసాయనం ఉంటుంది. ఏళ్ల తరబడి వాడితే కొందరికి నుదుటి మీద సరిగ్గా బొట్టు ఆకారంలోనే చర్మం తెల్లబడుతుంది. రంగులు కలిపిన కుంకుమ వల్ల అక్కడే నల్లబడేవాళ్లూ ఉన్నారు. బొట్టు పెట్టుకోవడం మానాల్సిన పనిలేదు. దురద మొదలైన రోజునే ఆ రకం మార్చేస్తే చాలు.

ఐదు రోజుల్లో తెల్లబడితే.. ఆగండి!

ఇప్పుడు అసలు విషయానికొద్దాం. చర్మం పైపొరలో కొత్త కణాలు పుట్టి, పైకి వచ్చి, రాలిపోవడానికి సుమారు నాలుగు వారాలు పడుతుంది. వయసు పెరిగే కొద్దీ ఇంకా ఎక్కువ. అంటే నిజాయతీగా పనిచేసే ఏ క్రీమ్ అయినా ఫలితం చూపించడానికి కనీసం నెల కావాలి. ఐదు రోజుల్లో రంగు మారిందంటే అది మామూలు కాస్మెటిక్ కాకపోవచ్చు. అందులో ఉంటే ఉండేవి ముఖ్యంగా రెండు.. ఒకటి స్టెరాయిడ్, రెండోది పాదరసం.

బీటామెథాసోన్, క్లోబెటాసోల్, మోమెటాసోన్ లాంటి స్టెరాయిడ్ క్రీములు నిజానికి మంచి మందులు. సోరియాసిస్, ఎగ్జిమా లాంటి వాటికి డాక్టర్లు లెక్కగట్టి, కొద్ది రోజులకే రాస్తారు. అవి రాసినప్పుడు చర్మంలోని రక్తనాళాలు ముడుచుకుంటాయి, వాపు తగ్గుతుంది, రంగు తేలికవుతుంది. అందుకే మొదటి వారంలో అద్భుతంలా అనిపిస్తుంది. అదే నెలల తరబడి ముఖానికి రాస్తే చర్మం పల్చబడుతుంది. లోపలి నాళాలు ఎర్రటి దారాల్లా బయటకు కనిపిస్తాయి. మొటిమలు పెరుగుతాయి, ఆడవాళ్లకు ముఖం మీద వెంట్రుకలు వస్తాయి. పోనీ ఆపేద్దామా అంటే ముఖం ఎర్రబడి మంటెత్తిపోతుంది. ఆ మంటకు భయపడి మళ్లీ అదే క్రీమ్ రాస్తారు. వదిలించుకోలేని వ్యసనంలా మారుతుంది.

ఇదేదో అరుదుగా జరిగేది కాదు. దేశవ్యాప్తంగా 12 కేంద్రాల్లో చేసి 2011లో ప్రచురించిన ఓ అధ్యయనంలో ముఖ చర్మ సమస్యలతో వచ్చిన 2,926 మందిని పరిశీలిస్తే, 433 మంది ముఖానికి స్టెరాయిడ్ రాస్తున్నట్టు తేలింది. వాళ్లలో 257 మందికి ఆ క్రీమ్ వాడమని చెప్పింది డాక్టర్ కాదు! మెడికల్ షాపు, పార్లర్, పక్కింటివాళ్లు, బంధువులు.. మనకు సలహాలు ఎక్కడి నుంచి వస్తాయో అందరికీ తెలిసిందే.

అప్పట్లో చట్టంలోనూ ఓ లొసుగు ఉండేది. ప్రిస్క్రిప్షన్ తప్పనిసరి చేసే షెడ్యూల్ హెచ్ నుంచి పైపూతగా వాడే చాలా స్టెరాయిడ్ క్రీములకు మినహాయింపు ఉండేది. చర్మవైద్యుల సంఘం ఐఏడీవీఎల్ ఏళ్లపాటు పోరాడాక 2018లో కేంద్రం 14 రకాల స్టెరాయిడ్ పైపూతలకు ఆ మినహాయింపు తీసేసింది. అదే ఏడాది సెప్టెంబర్‌లో నిషేధించిన 328 కాంబినేషన్ మందుల్లో కొన్ని చర్మం క్రీములూ ఉన్నాయి. అయితే రూల్ మారినంత సులువుగా కౌంటర్ దగ్గర అలవాటు మారలేదు. "అన్నా, మచ్చల క్రీమ్ ఒకటివ్వు" అంటే చీటీ అడగకుండా ట్యూబ్ చేతిలో పెట్టే షాపులు ఇప్పటికీ ఉన్నాయి.

దీని ఫలితం ముఖంతో ఆగలేదు. స్టెరాయిడ్ కలిపిన క్రీములు రాసి రాసి మామూలు తామర కూడా మొండిగా మారింది. దురద రెండు రోజుల్లో తగ్గినట్టే ఉంటుంది, ఫంగస్ మాత్రం లోపల పాకుతూనే ఉంటుంది. ఒకప్పుడు కొన్ని వారాల్లో పోయే తామర ఇప్పుడు కొందరిని నెలల తరబడి వదలడం లేదు. ఒకరి నుంచి ఇంటిల్లిపాదికీ అంటుకుంటోంది.

ముఖానికి రాస్తే.. దెబ్బ కిడ్నీకి!

రెండోది పాదరసం. ఇది చర్మానికి రంగునిచ్చే మెలనిన్ తయారీనే అడ్డుకుంటుంది. చర్మం గుండా ఒంట్లోకి చేరి కిడ్నీలను, నరాలను దెబ్బతీస్తుంది. కేరళలోని మలప్పురం జిల్లా కొట్టక్కల్‌లో వైద్యులకు 2021 నుంచి 2023 మధ్య మెంబ్రనస్ నెఫ్రోపతి అనే కిడ్నీ జబ్బుతో వచ్చిన 22 కేసుల్లో ఓ విచిత్రం కనిపించింది. 15 మందిలో 'నెల్ 1' అనే అరుదైన రకం బయటపడింది. ఆరా తీస్తే ఆ 15 మందిలో 13 మంది ఫెయిర్‌నెస్ క్రీములు వాడినవాళ్లే! కేరళ డ్రగ్స్ కంట్రోల్ విభాగం 'ఆపరేషన్ సౌందర్య' పేరుతో షాపుల్లో తనిఖీలు చేసింది.

మన దేశంలో కాస్మెటిక్స్ రూల్స్ 2020 ప్రకారం ముఖానికి రాసే క్రీముల్లో పాదరసం కావాలని కలపకూడదు. తెలియకుండా చేరినా పది లక్షల భాగాల్లో ఒక భాగం దాటకూడదు. పాదరసంపై అంతర్జాతీయ ఒప్పందమైన మినమాటా సదస్సులో 2023లో దేశాలన్నీ కాస్మెటిక్స్‌లో పాదరసాన్ని 2025 కల్లా పూర్తిగా తొలగించాలని నిర్ణయించాయి. అయినా తయారీదారు పేరు లేని డబ్బాలు, ఎవరో విదేశాల నుంచి తెచ్చామని అమ్మే క్రీములు చేతులు మారుతూనే ఉన్నాయి. ఇంకో సంగతి.. పాదరసం క్రీమ్ రాసుకున్న చేత్తో బిడ్డను ఎత్తుకుంటే అది బిడ్డకూ అంటుతుంది.

డిమాండ్ ఎక్కడి నుంచి వస్తోంది..?

పెళ్లి ప్రకటనల్లో "తెల్లని అమ్మాయి కావాలి" అన్న మాట ఉన్నంత కాలం ఈ మార్కెట్ ఆగదు. 2014లోనే ప్రకటనల స్వీయ నియంత్రణ మండలి ఏఎస్‌సీఐ నల్లగా ఉన్నవాళ్లను తక్కువ చేసి చూపించొద్దని మార్గదర్శకాలు ఇచ్చింది. 2020లో హిందుస్థాన్ యూనిలీవర్ తన 'ఫెయిర్ అండ్ లవ్లీ' పేరును 'గ్లో అండ్ లవ్లీ'గా మార్చింది. ఆ తర్వాత ప్రకటనల్లో ఫెయిర్‌నెస్ అన్న మాట తగ్గింది, దాని చోటులోకి గ్లో, బ్రైట్, గ్లాస్ స్కిన్ వచ్చాయి. మాట మారింది కానీ ఆశ అదే.

మరోవైపు 'ప్రేమమ్'లో మొటిమల ముఖంతోనే కనిపించిన సాయి పల్లవి, 'ఫిదా'తో మన ఇళ్లలో సొంత మనిషైపోయింది. ఆమె ఫెయిర్‌నెస్ క్రీమ్ ప్రకటన వద్దనుకుందన్న వార్త అప్పట్లో పెద్ద చర్చే అయింది. ఇది మన రంగు అని ఆమె చెప్పిన తీరు ఎంతోమంది అమ్మాయిలకు ధైర్యమిచ్చింది. అయితే ఒక హీరోయిన్ కాదన్న చోట వంద మంది ఇన్‌ఫ్లుయెన్సర్లు ఔనంటున్నారు. ఆరోగ్య సలహాలు ఇచ్చేవాళ్లు తమ అర్హత చెప్పాలని 2023 ఆగస్టులోనే కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. తప్పుదోవ పట్టించే ప్రకటనలకు వినియోగదారుల చట్టం కింద మొదటిసారి 10 లక్షలు, మళ్లీ చేస్తే 50 లక్షల రూపాయల దాకా జరిమానా ఉంది. మీరు చూసే రీల్‌లో "నేను ఫలానా అర్హత ఉన్న డాక్టర్‌ని" అన్న మాట ఎక్కడైనా ఉందా..? ఈసారి గమనించండి.

కొనే ముందు ఈ ఐదు చూడండి

ఒకటి.. డబ్బా మీద తయారీదారు అడ్రస్, లైసెన్స్ నంబర్, బ్యాచ్ నంబర్, గడువు తేదీ ఉండాలి. విదేశీ క్రీమ్ అయితే ఇంపోర్ట్ రిజిస్ట్రేషన్ నంబర్ కూడా ఉండాలి.

రెండు.. ట్యూబ్ మీద 'ఆర్ఎక్స్' గుర్తు ఉంటే అది కాస్మెటిక్ కాదు, మందు. డాక్టర్ చీటీ లేకుండా కొనొద్దు.

మూడు.. పదార్థాల్లో పేరు చివర 'సోన్', 'సోల్' అని ఉంటే ఒక్క క్షణం ఆగి అడగండి. స్టెరాయిడ్ల పేర్లు చాలావరకు అలాగే ముగుస్తాయి. మెర్క్యురీ, మెర్క్యూరిక్, కాలొమెల్ అని కనిపిస్తే అక్కడే పెట్టేయండి.

నాలుగు.. ఇప్పటికే ఏదో క్రీమ్ నెలల నుంచి వాడుతూ, మానితే ముఖం మండుతుంటే సొంతంగా ప్రయోగాలు చేయొద్దు. ట్యూబ్ తీసుకుని చర్మ డాక్టర్ దగ్గరకు వెళ్లండి. ప్రభుత్వ బోధనాసుపత్రుల్లో చర్మ విభాగం ఓపీ ఉంటుంది. పాత ట్యూబ్ పారేయొద్దు, డాక్టర్‌కు దాన్నే ముందు చూపించాలి.

ఐదు.. అనుమానం ఉంటే ఫిర్యాదు చేయండి. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915. తెలంగాణలో అయితే డ్రగ్స్ కంట్రోల్ అడ్మినిస్ట్రేషన్ టోల్ ఫ్రీ నంబర్ 1800-599-6969కి కూడా చెప్పొచ్చు. ఆంధ్రప్రదేశ్‌లో జిల్లా డ్రగ్ ఇన్‌స్పెక్టర్‌కు ఫిర్యాదు ఇవ్వొచ్చు.

స్కిన్‌కేర్ అంటే చర్మం రంగు మార్చడం కాదు, ఉన్న చర్మాన్ని ఆరోగ్యంగా ఉంచుకోవడం. తన స్కిన్ టైప్ తెలిసినవాళ్లు షాపుకెళ్లి "జెల్ మాయిశ్చరైజర్ ఇవ్వండి" అని అడుగుతారు. తెలియనివాళ్లు "తెల్లబడే క్రీమ్ ఇవ్వండి" అంటారు. షాపువాడు ఇద్దరికీ ఇస్తాడు. మొదటివాళ్లు ఇంటికి తీసుకెళ్లేది ఒక మామూలు క్రీమ్. రెండోవాళ్ల చేతిలోకి వచ్చేది ఏంటో డబ్బా వెనక్కి తిప్పి చదివితే కానీ తెలియదు. ఒక్కోసారి చదివినా తెలియదు. అందుకే రంగు త్వరగా మారిన రోజున సంతోషపడటం కాదు.. అనుమానపడాలి.